రేసు వైరు

గూడెప్పాడు క్రాస్ దాటి
పరకాల రోడ్డు పట్టినంక
చేతిల పిడి ఉత్తగ తిరిగింది.
ఉత్తగ అంటే,
ఎండిన బాయిల బొక్కెన ఏసినట్టు.
ఇంజను నడుస్తనే ఉన్నది, గురక పెట్టుకుంట.
బండే ఆగుతాంది.

టైము నాలుగున్నర.
ఎనక సీటు మీద నూట పది పేపర్లు,
మంచుకు తడవకుండ యూరియా సంచి కప్పిన.
మూడు ఊర్లు నా కోసం లేస్తయి:
రాశిఫలాలకు ఒక రిటైర్డు సారు,
ఎనుమాముల పత్తి రేటుకు మిగిలినోళ్లంత.

సెల్లు పండ్ల నడుమ పట్టుకొని లైటు కొట్టిన.
పిడి కాడ, వంక తిరిగే చోట,
తీగ పోగులు పోగులుగ పిగిలింది.
నెల సంది ఒక్కో పోగు తెగుకుంటనే వచ్చిందన్నట్టు.
పిడి బరువైతాంటే
నేను చలిని తిట్టుకున్న.

తొడుగు ఊడదీసి
మిగిలిన కొసను చూపుడేలుకు రెండు సుట్లు చుట్టిన.
గుంజితే ఉరికింది.
ఇడిస్తే నిలబడ్డది.
మూడు ఊర్లు అట్లనే తిరిగిన,
గాలిపటం ఎగిరేసే పోరని లెక్క.

ఎనిమిది గొట్టంగ క్రాస్ కాడ యాకమ్మ షెడ్డు తెరిచింది.
బండి చూడలే. ఏలు చూసింది.
"పటకారు లేదా బండిల?"
"పేపర్లున్నయి."
"కంపెనీ వైరు మూడొందల ఎనభై, లోకలు నూటిరవై."
"లోకలే..." అన్న.
"ఏలు మల్లొకసారి చూసుకొని చెప్పు."

పాత వైరు కింది కొసకు
ముందుగాల ఎర్రదారం కట్టింది.
పైనుంచి మెల్లగ గుంజితే
టాంకు కింద, ఫ్రేము సందుల,
పాతది పోయిన తొవ్వంత దారం పరుచుకున్నది.
ఆ దారానికే కొత్తది ముడేసి కిందికి గుంజింది.
"తొవ్వ మర్చిపోతే
గంట నీది పాయె, గంట నాది పాయె."

కార్బొరేటరు మూత తిప్పి
స్లైడు బయటికి తీసింది, స్ప్రింగుతోని, సూదితోని.
మిగిలిపోయిన పేపరు పరిచి దాని మీద పెట్టింది.
పెట్రోలు మరక జిల్లా పేజీల మెల్లగ పాకింది.
పాకిన కాడల్లా కాయితం పల్చనై
ఎనక పేజీ అచ్చరాలు తిరగబడి కనపడ్డయి.
ఎవరిదో పెండ్లి ఫోటో మీద
ఎవరిదో వర్ధంతి.

స్ప్రింగును బొటనేలుతోని అణిచి
తీగ గుండును గాట్ల ఇరికించింది.
"ఇగో, ఇది ఎరుకున్నదా నీకు?
వైరుకు గుంజుడే వస్తది. నూకుడు రాదు.
ఎనక్కి మలిపేది గీ స్ప్రింగు.
దీన్ని ఎవడూ అడగడు. తెగిందాకా వైరునే తిడుతరు."

గాటు మీద గాటు కూసోవాలె.
రెండుసార్లు కూసోలే. బలిమి చెయ్యలే ఆమె.
చాయ్ తాగింది, మల్ల తిప్పింది,
కూసున్నది.

పిడి కాడ బియ్యపుగింజంత లూజు ఇడిచింది.
స్టార్టు చేసి హాండిలు ఎడమకు తిప్పింది, మంచిగనే ఉన్నది.
కుడికి తిప్పితే
ఎవరూ ముట్టకుండనే ఇంజను ఒర్రింది.
నా గుండె జల్లుమన్నది.
ఆమె ఏం మాట్లాడలే. బందు చేసి
టాంకు మల్ల లేపి, ఒక్క క్లిప్పు ఇడిపించి,
ఇరుకున పడ్డ వైరును ఇంత పక్కకు జరిపింది.
ఈసారి ఎటు తిప్పినా అదే గురక.

మూడొందలిచ్చిన. ఎనభై రేపన్న.
"రేపు పేపరుల చుట్టి తే" అన్నది.

తెల్లారి నాలుగింటికి
పేపర్ల వ్యాను ఇంక రాలే.
ఏలు మీద రెండు గీతలు నల్లగయినయి.
బందున్న బండి పిడి తిప్పి
ఇడిచిన.
లోపలెక్కడో
టక్కుమన్నది.
మల్ల తిప్పిన. మల్ల ఇడిచిన.
చాయ్ డబ్బా పోరడు పొయ్యి ఊదుకుంట అడిగిండు:
"ఏందన్నా, మల్ల ఖరాబైందా?"
"లే" అన్న.
ఇంకోసారి తిప్పిన.